పాటల ఆల్బమ్‌ని దాని కాలంతో కలిపి వినడం ఎలా?

మా ఇంట్లో ‘శంకరాభరణం’ క్యాసెట్ ఒకటి ఉండేది. కంపెనీ క్యాసెట్ కాదు. విశాఖపట్నంలో జగదాంబ సెంటర్ దగ్గర ఒక రికార్డింగ్ షాపులో మా నాన్న పాటల లిస్టు రాసిచ్చి నింపించుకున్న అరవై నిమిషాల క్యాసెట్. రెండో వైపు ఆఖర్న ‘దొరకునా ఇటువంటి సేవ’ వచ్చేది. షాపతను లెక్క సరిగ్గా వేసుకోలేదు కాబోలు, పాట మంచి ఊపులో ఉండగా టేపు అయిపోయి, బటన్ టక్కున పైకి లేచేది. ఆ పాట అంతేనని చాలా ఏళ్లు అనుకున్నాను. మా అక్క పాడినా అక్కడికే ఆపేసేది.

ఆ క్యాసెట్ సంగతి చివర్లో మళ్లీ చెప్తాను. ఇప్పుడు ఎందుకు చెప్పానంటే, ఆల్బమ్ గురించి రాయడానికి కూర్చునేవాళ్లు చాలామంది అసలు తాము విన్నది ఏమిటో చూసుకోరు. నేరుగా ‘ఆ రోజుల్లో సమాజం ఎలా ఉండేదంటే’ అని మొదలెడతారు. ఎంవీపీ కాలనీలో ఒక డాబా మీద మేం నలుగురైదుగురం నెలకో ఆదివారం కలిసి ఒక్కో ఆల్బమ్ వింటాం. మొదట్లో మేమూ అలాగే చేశాం. మూడు నెలలు గడిచాక చూస్తే, మేం మాట్లాడిందాంట్లో పాట గురించి ఒక్క ముక్కా లేదు. అప్పట్నుంచి పద్ధతి మార్చాం: ముందు చెవి, తర్వాత చేతిలో ఉన్న వస్తువు, ఆ తర్వాతే చరిత్ర. కింద రాసిందంతా ఆ పద్ధతే. ఉదాహరణకి ‘శంకరాభరణం’ తీసుకుంటున్నాను. అందరూ విన్నదే కాబట్టి నేను చెప్పేది సరో కాదో మీరే చూసుకోవచ్చు.

1. ముందు, ఆల్బమ్ అంటే ఏది?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో ఎల్పీ రికార్డు తెచ్చింది. అంతకుముందు ప్లేటుకి ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. ఎల్పీలో ఒక వైపుకే ఇరవై నిమిషాల పైన పడుతుంది. పాటల్ని వరసగా పేర్చి, ఒక వైపు ముగించి రెండో వైపు తిప్పించి, మొత్తాన్ని ఒకే రచనలా వినిపించాలన్న ఆలోచన బలపడింది ఆ సాంకేతికత మీదే.

మన దగ్గర కథ వేరు. తెలుగులో ఆల్బమ్ అంటే తొంభై పాళ్లు సినిమా పాటలే. ఆ పాటలు పుట్టింది సన్నివేశం కోసం. రికార్డు మీదికి తర్వాత చేరాయి. అందుకని రెండు కాయితాలు పెట్టుకోండి. ఒకదాంట్లో సినిమాలో పాటలు వచ్చే వరస, రెండోదాంట్లో రికార్డు మీదో క్యాసెట్ మీదో ఉన్న వరస. ఏది ముందుకొచ్చింది, ఏది తగ్గింది, సినిమాలో ఉండి రికార్డులో లేని పద్యమో కీర్తన ముక్కో ఏమైనా ఉందా, ఇవన్నీ రాసుకోండి. కీర్తనలు తునకలు తునకలుగా వచ్చే ‘శంకరాభరణం’ లాంటి సినిమాకి ఈ తేడా చాలా ఉంటుంది.

ఫోన్ యాప్‌లో వినేవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడ కనిపించే సంవత్సరం చాలాసార్లు ఆ పాటల్ని డిజిటల్‌గా ఎక్కించిన సంవత్సరం. పాటల వరస కూడా ఎవరో ఎక్కించినవాళ్లు పెట్టిందే అయ్యుంటుంది. పాత రికార్డు దొరక్కపోయినా ఫర్వాలేదు, దాని కవర్ ఫోటో రెండు వైపులదీ ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి.

2. ఏమీ చదవకుండా మూడుసార్లు వినండి

మొదటిసారి ఊరికే వినండి. ఫోన్ పక్కన పెట్టేయండి. రెండోసారి రూళ్ల నోట్‌బుక్ తీసి మూడు గళ్లు గీయండి: నిమిషం, ఏం వినిపించింది, నాకేమనిపించింది. మూడోది రెండోదాంట్లోకి రానివ్వకండి. ‘2:10, గొంతు ఆగింది, వీణ ఒక్కటే’ అనేది వినిపించింది. ‘గుండె పిండేసింది’ అనేది అనిపించింది. మూడోసారి ఒక్క వాద్యాన్నే పట్టుకుని వెళ్లండి, మృదంగమో వయొలినో. పాట మొత్తం వేరేగా వినిపిస్తుంది.

సంగీతం రాదే అని టెన్షన్ పడక్కర్లేదు. మాలో ఇద్దరికి స రి గ మ లు కూడా తిన్నగా రావు. మేం చేసిన ఒక పని చెప్తాను. మా ఫ్రెండ్ కూతురి చిన్న కీబోర్డు డాబా మీదికి తెచ్చి, ‘సి’ మెట్టు నుంచి పై ‘సి’ దాకా తెల్ల మెట్లు వరసగా నొక్కాం. అంతే, అవి శంకరాభరణం రాగం స్వరాలు. కర్ణాటక సంగీతంలో మేళకర్తలు అనే మూలరాగాల వరసలో ధీర శంకరాభరణం 29వది. పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేదీ స్వరస్థానాల లెక్కలో అదే.

ఇప్పుడు సినిమా గుర్తు చేసుకోండి. పాశ్చాత్య సంగీతం హోరులో మన శాస్త్రీయ సంగీతం మరుగున పడిపోతోందని శంకరశాస్త్రి బాధ. గిటార్లు పట్టుకున్న కుర్రాళ్లతో ఆయనకి గొడవ కూడా అవుతుంది. అలాంటి కథకి పేరుగా, ఆ మనిషికి బిరుదులా పెట్టుకున్న రాగం పాశ్చాత్య సంగీతానికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం! ఈ చుట్టరికం ఇవాళ్టిది కూడా కాదు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేసింది ఈ రాగం స్వరాల్లోనే. ఆయన ‘సంతతం పాహిమాం’ బ్రిటిష్ జాతీయ గీతం వరసలోనే ఉంటుంది.

మరి తేడా ఎక్కడుంది? మళ్లీ చెవికే పని. కీబోర్డు మీద గాంధారం, అంటే ‘గ’ మెట్టు నొక్కితే స్వరం నిలబడిపోతుంది. బాలు గొంతులో అదే స్వరం నిలబడదు, ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. గమకం అంటే అదే. సినిమా పడిన గొడవ స్వరాల గురించి కాదని, స్వరం నుంచి స్వరానికి నడిచే నడక గురించని మాకు ఆ పిల్ల కీబోర్డు చెప్పింది. ఏ వ్యాసమూ చదవకముందే మా చేతికో ప్రశ్న చిక్కింది.

3. సాహిత్యాన్ని పాట నుంచి విడదీసి ఒకసారి, కలిపి ఒకసారి

పాటని కాయితం మీద రాసుకోండి. నెట్‌లో దొరికేది కాపీ చేయొద్దు, విని రాయండి. ఎక్కడ మాట అర్థం కాలేదో అక్కడ ఖాళీ వదలండి. ఆ ఖాళీలే మీకు పని పెడతాయి.

మాకు పని పెట్టింది ‘రాగం తానం పల్లవి’ పాట. అందులో పాటల రచయిత వేటూరి ‘సస్యకేదారాలు’ అంటారు. కేదారం అంటే వరిమడి. కేదారం ఒక రాగం కూడా. అదే పాటలో కృష్ణా నది అలలు వస్తాయి, వాటి పక్కనే సారంగ ఉంటుంది, గాంధారం ఉంటుంది, దేవగాంధారి ఉంటుంది. దేవగాంధారి పేరు వచ్చేచోట త్యాగరాజు ఆ రాగంలో చేసిన ‘క్షీరసాగర శయన’ గుర్తొచ్చేలా మాట కూర్చారు. నారాయణ తీర్థుల తరంగాలూ అందులోనే ఉన్నాయి. మడిలో పండేది, నదిలో పారేది, గొంతులో పలికేది ఒక్కటే అన్నట్టు ఆ మాటల అల్లిక.

వేటూరి పుట్టింది కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో అని తెలిశాక ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. కవి తన డెల్టానే సంగీతానికి పుట్టిల్లు చేశాడు. ఆ మాట వినగానే మాలో గాజువాక కుర్రాడొకడు అడిగాడు: ‘మరి మన వంశధార, నాగావళి ఏవిటి పాపం చేశాయి?’ అందరం నవ్వాం గానీ, ఆ నెలంతట్లో వచ్చిన మంచి ప్రశ్న అదే. ఒక ఆల్బమ్ ‘తెలుగుదనం’ అన్నప్పుడు అది ఏ నేల తెలుగుదనం?

ఇంకో సంగతి. ‘సామజవరగమన’ త్యాగరాజ కీర్తన పల్లవి, ‘దొరకునా ఇటువంటి సేవ’ కూడా త్యాగరాజ కీర్తన పల్లవే. వేటూరి ఆ ఎత్తుగడలు తీసుకుని చరణాలు తనవి రాశారు. దీన్ని దొంగతనం అనేవాళ్లున్నారు, నివాళి అనేవాళ్లున్నారు. రెండూ తొందరపాటే అని నా అభిప్రాయం. ముందు చూడాల్సింది అతుకు ఎక్కడ వేశారు, వినేవాళ్లకి ఆ అతుకు కనిపించాలని వేశారా, కనిపించకూడదని వేశారా అన్నది. ఈ రెండు చోట్లా పల్లవి అందరికీ తెలిసిందే కాబట్టి కనిపించాలనే వేశారని నేననుకుంటున్నాను.

4. ఎవరి చేతులు పడ్డాయి?

కవర్ మీద ఉన్న పేర్లన్నీ రాసి, ఒక్కో పేరు పక్కన ఊరు, నేర్చుకున్న విద్య, ఆ ఆల్బమ్‌కి ముందు చేసిన పని రాయండి. ఈ పట్టిక ఒక్కటే చాలా అపోహలు తీసేస్తుంది.

‘శంకరాభరణం’ పట్టిక చూడండి. సంగీతం కె.వి. మహదేవన్, నాగర్‌కోయిల్ వైపు తమిళుడు. సహాయకుడు పుగళేంది, మలయాళీ. వాణీ జయరాంది వెల్లూరు. బాలు నెల్లూరు జిల్లావాడు, శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. అయితే తండ్రి సాంబమూర్తి హరికథకులు. ‘అచ్చమైన తెలుగు సంగీతం’ అని మనం గుండెల మీద చేయి వేసుకునే ఆల్బమ్ మద్రాసు స్టూడియోల్లో ఇంతమంది చేతుల మీదుగా తయారైంది.

పని జరిగిన తీరు కూడా ముఖ్యం. మహదేవన్‌కి ముందు సాహిత్యం కావాలి, తర్వాత వరస కట్టేవారు. ముందు ట్యూన్ ఇచ్చి మాటలు పొదగమనే పద్ధతికి ఇది పూర్తిగా తిరగేసిన వ్యవహారం. ఇది తెలిస్తే ‘సస్యకేదారాలు’ లాంటి పొడుగు సమాసాలు ఎలా వచ్చాయో అర్థమవుతుంది. కవికి ట్యూన్ కొలత అడ్డం రాలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన గడి ‘ముందు చేసిన పని’ అన్నది. 1977లో ‘అడవిరాముడు’ పాటలు ఊపేశాయి కదా, వాటికి సంగీతం, సాహిత్యం ఎవరివి? మహదేవన్, వేటూరి. అదే జంట. ఒకటి ముందు బెంచీ ఈలలకి, ఇంకోటి సంగీత సభ చప్పట్లకి. ‘శంకరాభరణం’ ఎవరో సంప్రదాయవాదులు మడి కట్టుకుని చేసిన ఆల్బమ్ అన్న మాట ఇక్కడ నిలబడదు. మాస్ పాట చేయడంలో చేయి తిరిగినవాళ్లు, శాస్త్రీయాన్ని మాస్‌కి ఎలా చేర్చాలో తెలిసి చేసింది అది.

5. కాలానికి ఒక పేజీ

పేజీ మధ్యలో ఆల్బమ్ సంవత్సరం రాసి, అటు అయిదేళ్లు ఇటు అయిదేళ్లు గీత గీయండి. గీత పైన సంగీతంలో జరిగినవి, కింద లోకంలో జరిగినవి.

ఇక్కడ తేదీ దగ్గరే ఒక మెలిక. ‘శంకరాభరణం’ విడుదల 1980 ఫిబ్రవరి 2న. కానీ మహదేవన్‌కి, బాలుకి, వాణీ జయరాంకి జాతీయ అవార్డులు వచ్చింది 1979 సినిమాల లెక్కలో. సెన్సార్ అయిన సంవత్సరాన్ని బట్టి ఆ అవార్డులు ఇస్తారు. ఇది తెలియక రెండు సంవత్సరాలు చూసి ఒకటి తప్పనుకునేవాళ్లున్నారు.

మా పేజీలో పడ్డవి: 1975-77 ఎమర్జెన్సీ, 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన, 1980లో హిందీలో ‘కుర్బానీ’తో డిస్కో పాట ఊపు, 1982 మార్చిలో తెలుగుదేశం పార్టీ. ఇవన్నీ చూడగానే ‘తెలుగు ఆత్మగౌరవం రాబోతోందని ఈ ఆల్బమ్ ముందే చెప్పింది’ అని రాసేయాలనిపిస్తుంది. నేను రాశాను కూడా. మాలో ఒకావిడ, లెక్కల టీచర్, పెన్ను పెట్టి కొట్టేసింది. పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదానికి ఇంకోటి కారణం అయిపోదు. ఆ పేజీ ప్రశ్నలు వేసుకోడానికే. డిస్కో సంగతి మాత్రం ఉంచాం, ఎందుకంటే పాశ్చాత్య వరసల మీద గొడవ ఆ సినిమా లోపలే ఉంది. మీ పేజీలోని సంఘటనకి ఆల్బమ్ లోపల సాక్ష్యం దొరికితే ఉంచండి, దొరక్కపోతే కొట్టేయండి.

6. ఎవరు వినిపించలేదు?

ఇది కష్టమైన భాగం. సులువుగా చెడిపోయే భాగం కూడా, ఎందుకంటే ఎవరు లేరో చెప్పడం మొదలుపెడితే ఆల్బమ్‌ని పక్కన పెట్టి తీర్పులు ఇచ్చేస్తాం. లోపల ఉన్న ఒక దారం పట్టుకునే బయటికి వెళ్లండి.

‘శంకరాభరణం’లో ఆ దారం తులసి. దేవదాసీ కుటుంబంలో పుట్టిన అమ్మాయి. ఆమెని చేరదీసినందుకు శాస్త్రిగారిని ఊరు వెలేస్తుంది. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1947లో. తెలుగు నేల మీద జావళీలూ పదాలూ అనే శృంగార గీతాల్ని తరతరాలు మోసినవాళ్లలో కళావంతుల ఆడవాళ్లు, అంటే ఈ దేవదాసీ కుటుంబాలవాళ్లే, ముందుంటారు. ఆ ఇంటి పిల్లని గురువు పాదాల దగ్గర నిలబెట్టి, సంగీతానికి వారసత్వం గురువు నుంచి వస్తుందని ఆల్బమ్ చెబుతుంది. ఆమె ఇంటి సంగీతం ఏమైంది? పాటల్లో వెతకండి. త్యాగరాజు ఉన్నాడు, రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యులు ఉన్నారు. ఒక్క జావళి లేదు.

ఇక్కడ ఉత్తరాంధ్రవాళ్లకి మాత్రమే తట్టే ఒక తమాషా ఉంది. శంకరశాస్త్రి వేషం వేసిన జె.వి. సోమయాజులు డిప్యూటీ కలెక్టర్‌గా పనిచేసిన మనిషి. అంతకుముందే ‘కన్యాశుల్కం’ నాటకంలో రామప్పపంతులుగా పేరు తెచ్చుకున్నారు. గురజాడ నాటకంలో వేశ్య మధురవాణిని ఉంచుకునే పంతులు ఆయన! అదే మనిషి సినిమాలో తులసికి గురువయ్యాడు. విజయనగరం రంగస్థలం మీద ఆయన్ని చూసినవాళ్లకి తెర మీద ఆ గంభీరమైన ముఖం వెనక రామప్పపంతులు కనిపించి ఉండడా?

ఇక రికార్డే లేని పాటల మాట. అదే 1970లలో ఈ ప్రాంతంలో వంగపండు ప్రసాదరావు పాటలు ఊళ్లు ఊళ్లు తిరిగాయి. ఆయన మన షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేశారు. 1972లో మొదలైన జననాట్యమండలి అనే విప్లవ కళాకారుల బృందంలో గద్దర్‌తో పాటు ముందు వరసలో ఉన్నారు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అప్పట్లో సభల్లో గొంతుల మీదే బతికింది. తర్వాత ‘మగధీర’ పాటలోకి కూడా ఎక్కింది. ఒక దశాబ్దం తెలుగు పాటని అంచనా వేయడానికి ఎల్పీల దొంతర మాత్రమే చూస్తే ఇలాంటి పాట కనపడనే కనపడదు. ఒక ఆల్బమ్‌ని ‘ఆ కాలపు గొంతు’ అనే ముందు, రికార్డింగ్ స్టూడియో గుమ్మం తొక్కని గొంతు ఒకటైనా పక్కన పెట్టుకుని వినండి.

7. దూరపు ఆల్బమ్ ఒకటి పక్కన పెట్టండి

పోలిక ఎందుకంటే, మనకి మామూలుగా అనిపించేవి నిజానికి మామూలు కాదని తెలియడానికి. మేం అమెరికన్ గాయకుడు మార్విన్ గే 1971 ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పెట్టుకున్నాం. ఫోర్ టాప్స్ బృందంలోని ఓబీ బెన్సన్ 1969లో బర్క్‌లీలో పోలీసులు యువకుల్ని కొట్టడం చూశాడు, పాట అక్కడ మొలిచింది. మార్విన్ తమ్ముడు వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి చెప్పిన సంగతులు ఆల్బమ్ నిండా ఉన్నాయి. పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకుండా ఒకదాంట్లోంచి ఒకటి పారుతుంది. దాన్ని తెచ్చిన మోటౌన్ రికార్డు కంపెనీ యజమాని బెర్రీ గోర్డీకి మొదట ఆ పాట నచ్చలేదు.

మాకు ఉపయోగపడింది ఇంకో సంగతి. వాయించిన వాద్యకారుల పేర్లు ఆ ఆల్బమ్ కవర్ మీద అచ్చేశారు, మోటౌన్‌లో అది కొత్త. అది చదివాక మా దగ్గరున్న పాత తెలుగు రికార్డుల కవర్లు తిప్పి చూశాం. సంగీత దర్శకుడు, కవి, గాయకులు, నటులు ఉన్నారు. వీణ ఎవరు వాయించారో ఒక్కదాని మీదా లేదు. మూడోసారి వినేటప్పుడు మనం పట్టుకుని నడిచిన ఆ వాద్యానికి పేరే లేదన్నమాట.

సిద్ధాంతం కావాలనేవాళ్లకి ఒక్కటి చాలు ఇప్పటికి. అడోర్నో అనే జర్మన్ తత్వవేత్త 1941లో ఒక వ్యాసంలో వాదించాడు: పాపులర్ పాటలు ఒకే అచ్చులో పోసినవి, ఒక పాటలో ముక్క తీసి ఇంకో పాటలో పెట్టినా పెద్దగా తేడా రాదు అని. దీన్ని నమ్మాల్సిన పని లేదు, పరీక్షించండి. ఒక పాట రెండో చరణం తీసి అదే తాళంలో ఉన్న వేరే పాట పల్లవి కింద పాడి చూడండి. ఎక్కడ అతుకుతుందో, ఎక్కడ అతకనని మొండికేస్తుందో రాసుకోండి. అరగంట నవ్వుకోవచ్చు, పైగా చర్చకి సరుకు దొరుకుతుంది.

8. ప్రభావం అన్నదానికి సాక్ష్యం

‘ఈ ఆల్బమ్ తర్వాత ఊరూరా సంగీతం క్లాసులు వెలిశాయి’ అనే మాట అందరూ అంటారు. అయ్యుండొచ్చు. కానీ ఎలా తెలుసు? ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉంది. పాత పత్రికలు ఏ సంవత్సరాలవి చూడనిస్తారో అడగండి. సినిమా పేజీ ఒక్కటే చూసి వచ్చేయకండి. చిన్న ప్రకటనల కాలమ్ చూడండి. ‘సంగీతం నేర్పబడును’ అన్న ప్రకటనలు 1978లో ఒక నెలలో ఎన్ని, 1982లో అదే నెలలో ఎన్ని? లెక్క పెట్టండి. అసలు మన ప్రాంతంలో సంగీతం నేర్చుకోవడం 1980లో కొత్తగా మొదలైందేమీ కాదు. విజయనగరంలో సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల చదివింది అక్కడే, సుశీల చదివింది అక్కడే. ఆ పునాది ఉన్న చోట ఆల్బమ్ ప్రభావం ఒకలా ఉంటుంది, లేని చోట ఇంకోలా ఉంటుంది.

పెద్దవాళ్లని అడిగేటప్పుడు ‘ఆ పాటలు మిమ్మల్ని ఎలా ప్రభావితం చేశాయండీ’ అని అడక్కండి. మీకు వినాలని ఉన్న జవాబే చెప్తారు. వస్తువు గురించి అడగండి. టేప్ రికార్డర్ ఎవరింట్లో ఉండేది? క్యాసెట్ ఎవరు కొన్నారు? ఎప్పుడు పెట్టేవారు? మేం గాజువాకలో ఒకప్పుడు మైకుసెట్టు నడిపిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం.

‘బాబాయ్, శంకరాభరణం పాటలు ఎక్కువగా ఎప్పుడు పెట్టేవారు?’ అన్నాను.

‘ఎప్పుడేటి బాబూ, పొద్దున్నే. పెళ్లికూతుర్ని చేసినప్పుడు అదెట్టాల్సిందే. రాత్రి బోయినాలైపోయాక అదెడితే ఊరుకుంతారేటి? కుర్రోళ్లు అడవిరాముడెట్టమని పేనం తీసీవోరు.’

ఆ ఒక్క ముక్కతో నాలుగో అడుగులో దొరికిన సంగతి మళ్లీ ఎదురొచ్చింది. ఒకే జంట చేసిన రెండు ఆల్బమ్‌లు ఒకే పెళ్లిలో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వింటున్నది అదే జనం. శాస్త్రీయం పెద్దవాళ్లది, మాస్ పాట అలగాజనానిది అని పుస్తకాల్లో గీసిన గీత, ఆయన మైకుసెట్టు దగ్గర ఉదయానికీ రాత్రికీ మధ్య గీతైపోయింది.

మీకు మన ఊరి ఆల్బమే కావాలంటే ‘మరో చరిత్ర’ పట్టుకోండి. 1978, సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్, చాలాభాగం తీసింది విశాఖ, భీమిలి చుట్టుపక్కల. మద్రాసులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఏడాది పైన ఆడింది. అందులో సినిమా పేర్లు గుచ్చి అల్లిన పాట ఒకటుంది. ఆ పేర్లన్నీ గుర్తుపట్టగలిగినవాళ్లు ఎవరు, గుర్తుపట్టకుండానే మద్రాసువాళ్లు ఎందుకు ఆనందించారు అన్న ప్రశ్న నుంచి మొదలెడితే రెండు ఆదివారాలు సరిపోవు.

9. రాయడం

ముందు ఒక్క వాక్యంలో మీ మాట రాయండి. ఎవరైనా కాదనగలిగే వాక్యం అయ్యుండాలి. ‘శంకరాభరణం తెలుగు సంగీతంలో ఒక మైలురాయి’ అంటే కాదనేవాడెవడు? దాంతో పని జరగదు. ‘శంకరాభరణం పాశ్చాత్య సంగీతంతో పోట్లాడుతున్నట్టు కనిపిస్తుంది కానీ, దాని అసలు ఆరాటం పాట ఎవరి గొంతులోకి వెళ్తుందన్న దాని మీద’ అనండి. దీన్ని కాదనొచ్చు. కాబట్టి నిరూపించాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది.

తర్వాత నోట్‌బుక్ తెరిచి, ఆ వాక్యానికి పనికొచ్చే నిమిషాలు మాత్రం ఏరుకోండి. ప్రతి పేరాలో కనీసం ఒక చోట చదివేవాళ్లు పాట పెట్టుకుని సరిచూసుకోగలిగేలా ఉండాలి. మీ వాక్యానికి అడ్డం తిరిగే పాట ఒకటి ఆల్బమ్‌లో తప్పకుండా ఉంటుంది. దాన్ని దాచకండి, దానికే ఒక పేరా ఇవ్వండి. ‘అద్భుతం’, ‘అజరామరం’, ‘అనన్యసామాన్యం’ అని రాసిన ప్రతిచోటా కొట్టేసి, అక్కడ ఏం వినిపించిందో రాయండి. నేను మొదటి వ్యాసంలో అలాంటివి పద్నాలుగు కొట్టేశాను.

పై వాక్యం నాకు ఎక్కడ దొరికిందో చెప్పి ఆపుతాను. మా నాన్న క్యాసెట్ గుర్తుంది కదా. ‘దొరకునా’ పాట పూర్తిగా నేను మొదటిసారి విన్నది ఆ డాబా మీదే, మిగతావాళ్ల మధ్య, నోట్‌బుక్ చేతిలో పెట్టుకుని. మా క్యాసెట్ ఆగిపోయే చోటు దాటింది. కాసేపటికి బాలు గొంతు తడబడింది, ఆగింది. సినిమాలో శాస్త్రిగారు కచేరీ మధ్యలో కూలిపోయే చోటు అది. అక్కడ వాణీ జయరాం గొంతు అందుకుంది. తెర మీద ఆ గొంతు తులసి కొడుకుది. గురువు వదిలిన పాటని దేవదాసీ ఇంటి మనవడు పూర్తి చేస్తాడు, శాస్త్రిగారు తన గండపెండేరం, అంటే విద్వాంసుడికి సన్మానంగా కాలికి తొడిగే కడియం, వాడికే ఇస్తారు. మా ఇంట్లో ఇన్నేళ్లూ వినిపించని భాగం అదే. ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేసి ఆ ముక్క వినిపించాను. ‘ఒరేయ్, ఇంకా ఉందా పాట!’ అంది.